తెగింది, విరిగింది, పెరిగింది

(ఎర్రుపాలెంలో తెలుగు మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాసం. అచ్చు కోసం అక్కడక్కడా సవరించాను.)

ఈ ఊళ్ళో మాస్టారిని పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. తెలుగు మాస్టారంటే చాలు, ఏ అరుగు మీద కూర్చున్నవాళ్ళయినా ఇల్లు చూపించేవాళ్ళు. నేనూ ఆయన్ని అలాగే అంటాను.

మాట్లాడమని అడిగినప్పుడు ఒక షరతు పెట్టాను. మాస్టారి గుణగణాలు వర్ణించను, ఆయనకు ఇష్టమైన పని చేసి చూపిస్తానన్నాను. ఒక మాటను పట్టుకుని దాని వెంట పడి తిరగడం ఆయనకు ఇష్టమైన పని. నేను రైల్వేలో పట్టాల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి, పండితుణ్ణి కాను. కాకపోతే విరిగేవీ తెగేవీ పగిలేవీ నా ఉద్యోగంలో రోజూ ఉండేవి. అందుకని ఇవాళ్టికి ఒక ఇంగ్లీషు మాట తీసుకున్నాను. స్నాప్.

దారం తెగితే స్నాప్. పుల్ల విరిగితే స్నాప్. కుక్క మీదికొచ్చి నోరేసినా, మనిషి మనిషిని కసురుకున్నా స్నాప్. వేళ్ళతో చిటికె వేసినా, జాకెట్టు గుండీ నొక్కినా, ఫొటో తీసినా, గడువుకు ముందే ఎన్నికలు పెట్టినా, ఉన్నట్టుండి నాలుగు రోజులు చలి బిగించినా అదే మాట. ఏళ్ళ తరబడి ఓర్చుకున్నవాడు ఒకనాడు తిరగబడితే అదీ స్నాపే. పిల్లల పేకాటకు ఒకదానికి ఆ పేరుంది, కరకరలాడే అల్లం బిస్కట్టుకూ ఉంది.

వీటన్నిటికీ మొదలు విరగడమే అయ్యుంటుందనుకుంటాం. చరిత్ర వేరేగా ఉంది. పదిహేనో శతాబ్దం చివర డచ్చి, దిగువ జర్మన్ భాషల నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన నాటికి ఈ మాటకు కొరకడం, నోటితో అందుకోవడం అని అర్థం. దవడలు మూసుకున్న వేగమూ, పళ్ళు తగిలిన చప్పుడూ అందులో ఉన్నాయి. విరగడం తర్వాత వచ్చి చేరింది. ఫొటోది ఇంకో దారి. సరిగా గురి చూడకుండా తుపాకి ఎత్తి కాల్చేయడాన్ని వేటగాళ్ళు స్నాప్‌షాట్ అనేవాళ్ళు. 1860లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త ఆ మాటను ఫొటోకు వాడాడు. 1900లో కొడాక్ కంపెనీ ఒక్క డాలరుకే బ్రౌనీ కెమెరా అమ్మడం మొదలుపెట్టాక అందరూ వేటగాళ్ళే అయ్యారు. మనవాళ్ళు మాత్రం ఫొటో ‘దిగుతారు’. ఎక్కడి నుంచి దిగుతారో మాస్టారూ చెప్పలేకపోయారు.

ఆయన క్లాసులో క్రియాపదం వాడితే ఒక ప్రమాదం ఉండేది. “విరిగింది సార్” అంటే “ఏది?” అనేవారు. “తెగింది సార్” అన్నా “ఏది?” అనే. అప్పట్లో విసుగ్గా ఉండేది. తర్వాత ఆలోచిస్తే తెలుగు వ్యాకరణంలో సగం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందనిపించింది. స్నాప్‌కు తెలుగేమిటని అడిగితే మనం ఎదురు అడగక తప్పదు: ఏది?

దారం, తాడు, తీగ, పోగు, గాలిపటం తెగుతాయి. పుల్ల, కొమ్మ, ఎముక, విల్లు విరుగుతాయి. కుండ, అద్దం, గుడ్డు, తలకాయ పగులుతాయి. గుడ్డ, కాగితం, విస్తరాకు చిరుగుతాయి. పొడుగ్గా ఉండి వంగేదానికి ఒక క్రియ, పొడుగ్గా ఉండి వంగనిదానికి ఒకటి, గుల్లగానో పలకగానో ఉండి గట్టిగా ఉన్నదానికి ఇంకొకటి, పల్చగా పరుచుకునేదానికి మరొకటి. వీటిని తారుమారు చేసి చూడండి. “తాడు పగిలింది” అంటే మూడేళ్ళ పిల్ల కూడా నవ్వుతుంది. విల్లు విరుగుతుంది, దాని అల్లెతాడు తెగుతుంది. ఒకే ఆయుధానికి రెండు క్రియలు.

మన ఊరు తెలంగాణ, ఆంధ్రల సరిహద్దు గట్టు మీద ఉంది గనక ఈ మాటలు ఇక్కడ రెండేసి రకాలుగా వినిపిస్తాయి. నిజాం రైలు 1889లో బెజవాడ చేరినప్పటి నుంచీ ఈ స్టేషన్లో అటు మాటా ఇటు మాటా ఎక్కి దిగుతూనే ఉన్నాయి. వరంగల్లు వైపు చుట్టాలొస్తే కుండ ‘పలిగింది’, కట్టె ‘ఇరిగింది’, తాడు ‘తెంపిండు’. కృష్ణా వైపు చుట్టాలకు కుండ పగిలింది, తాడు తెంచాడు. ఎవరూ ఎవరికీ తర్జుమా చేసి చెప్పనక్కర్లేదు. ఇక పలకడం ఎలా మారినా, ఏ వస్తువుకు ఏ క్రియ అన్న లెక్క మాత్రం గట్టుకు రెండు వైపులా ఒక్కటే.

ఇదేదో మన గొప్ప అనుకోవద్దు. అమెరికాలో చార్లెస్ ఫిల్మోర్ అనే భాషావేత్త 1970లో కొట్టడం, విరగ్గొట్టడం అనే రెండు క్రియల మీదే ఒక వ్యాసం రాశాడు, ఇప్పటికీ దాన్ని పాఠంగా చెబుతారు. నెదర్లాండ్స్‌లోని నైమెగన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్ళు ఇంకో పని చేశారు. కర్ర విరవడం, గుడ్డ చించడం, కుండ పగలగొట్టడం లాంటివి 61 చిన్న వీడియోలుగా తీసి, 28 భాషలవాళ్ళకు చూపించి, ఏం జరిగిందో చెప్పమన్నారు. ఆ భాషల్లో తమిళం, హిందీ ఉన్నాయి. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. ఒక్కో భాష గీతలు ఒక్కోచోట గీసుకుంది. కానీ గీతలు పడే చోట్లు కొన్నే. కత్తి పెట్టిన చోటే తెగడం ఒక జాతి, ఎక్కడ విడిపోతుందో చెప్పలేకుండా విడిపోవడం ఇంకో జాతి. ఆ రెండో జాతిలో మళ్ళీ కర్ర రెండు ముక్కలవడం వేరు, కుండ వంద పెంకులవడం వేరు. మాస్టారు సుద్దముక్కతో “ఏది?” అని రాబట్టిందే వాళ్ళు వీడియోలతో రాబట్టారు.

నాకు ఇంకా సరదా పుట్టించేది చెరువు కట్ట. మట్టితో పోసిన దిబ్బ అది. పగలాలి లెక్క ప్రకారం. కానీ మనం కట్ట ‘తెగింది’ అంటాం, చెరువు తెగింది అని కూడా అంటాం. పొడుగ్గా ఉండి, నీళ్ళను కట్టి ఉంచుతోంది గనక మన దృష్టిలో అది తాడు. మొదట బుంగ పడుతుంది, బుంగ పెద్దదై గండి అవుతుంది, అప్పుడు కట్ట తెగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు ఖమ్మాన్ని మున్నేరు ముంచింది. బుడమేరుకు మూడు గండ్లు పడి బెజవాడ మునిగింది. అదే వానలకు మన లైన్లో ఇంటికన్నె, కేసముద్రం మధ్య కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ ఫొటోలు మీరంతా చూసే ఉంటారు. పట్టా విరగలేదు. కింద కట్ట కోసుకుపోయింది. మా శాఖవాళ్ళం ఆ బొమ్మ చూస్తే ముందు పట్టా వంక చూడం, కట్ట వంక చూస్తాం.

తెగు, విరుగు, పగులు. ఈ మూడూ మామూలు పనులు వదిలేసి ఇంకో పని కూడా చేస్తాయి. తెగ మాట్లాడాడు. మామిడి విరగకాసింది. పగలబడి నవ్వారు. మూడు చోట్లా విరిగింది ఏమీ లేదు. హద్దు దాటిందని చెప్పడానికి తెలుగువాడు విరిగే మాటల్నే అరువు తెచ్చుకున్నాడు. కొమ్మ మోయలేనంత కాపు, ఒళ్ళు పట్టనంత నవ్వు. మామిడి విషయంలో ఆ మాట అక్షరాలా నిజమవడం కూడా చూశాను. ఊతకర్ర పెట్టకపోతే కొమ్మ నిజంగానే విరుగుతుంది.

తెగు కింద ఇంకా చాలా సంసారం ఉంది. బేరం తెగుతుంది, తగువు తెగుతుంది, తెగని పంచాయితీలు తరాలు నడుస్తాయి. తెగించినవాడికి తెడ్డే లింగం. చేలో తెగులు పడుతుంది. పోట్లాడుకున్న అన్నదమ్ములు తెగతెంపులు చేసుకుంటారు. విరుగు వైపు చూస్తే పాలు విరుగుతాయి, విషానికి విరుగుడు ఉంటుంది, నిద్రలేచి ఒళ్ళు విరుచుకుంటాం, అమ్మమ్మ మనవడి బుగ్గలు నిమిరి తన కణతల మీద మెటికలు విరుస్తుంది. పగులు అనగానే మనకు నష్టమే గుర్తొస్తుంది గానీ పత్తిరైతును అడగండి. కాయ పగిలిందంటే ఇంటికి డబ్బు వస్తోందంటాడు.

ఇంతవరకూ విరగడం సంగతి చెప్పాను. ఉన్నట్టుండి విరగడం సంగతి చెప్పలేదు. మన క్రియల్లో ‘ఏది’ ఉంది, ‘ఎంత హఠాత్తుగా’ అన్నది లేదు. తాడు ఏడాది పాటు నలిగి నలిగి తెగినా తెగిందే, ఒక్క గుంజుకు తెగినా తెగిందే. స్నాప్‌లో ఉన్న ఆ హఠాత్తు తెలుగులో ఎక్కడుంది?

నా జవాబు ఇది. అది ఒక తోకలో ఉంది. ‘ఉక్కు’ అనే తోక.

దారం పుటుక్కున తెగుతుంది. పుల్ల పెళుక్కున విరుగుతుంది. చీమ చిటుక్కుమంటుంది. కుక్క కటుక్కున కొరుకుతుంది. కప్ప పురుగును లటుక్కున అందుకుంటుంది, గుటుక్కున మింగుతుంది. మనిషి చటుక్కున లేస్తాడు. మెరుపు తళుక్కుమంటుంది. నిప్పురవ్వ చురుక్కుమంటుంది. పిల్ల కిసుక్కున నవ్వుతుంది. దాచాల్సిన మాట పుసుక్కున బయటికొస్తుంది. ముందు ఏ అక్షరాలున్నా చివర ఆ నొక్కు పడగానే పని ఒక్క క్షణంలో అయిపోయిందని అర్థం. నొక్కు తీసేసి రెండుసార్లు అనండి, చిటచిట, పటపట, తళతళ, అప్పుడు పని సాగుతూ ఉంటుంది. సాగదీసి ఫటేల్ అనండి, ధబేల్ అనండి, వస్తువు పెద్దదై బరువెక్కుతుంది. ఏ వ్యాకరణం చదవకుండానే ఈ మూడు కొలతలూ మన నాలుకకు తెలుసు. కొత్త వస్తువు వచ్చినా అప్పటికప్పుడు దానికి తగ్గ మాట పుట్టించగలం. సెల్‌ఫోను చేతిలోంచి టపుక్కున జారుతుందని మనకు ఎవరు నేర్పారు?

దీనికి తోడు ఇంకొకటుంది. పుల్ల పెళుక్కుమంది అన్నప్పుడు చివర ఉన్నది ‘అంది’. అనడం. అంటే విరిగేటప్పుడు పుల్ల ఒక మాట అంటుంది, మనం దాన్ని ఉన్నదున్నట్టు చెబుతున్నాం. నడుం కలుక్కుమంది అంటే నడుమే అంది. 1969లో ఎమెనో అనే పండితుడు ‘ల్యాంగ్వేజ్’ పత్రికలో ఇలాంటి చప్పుడు మాటల మీద పెద్ద వ్యాసం రాశాడు. ద్రావిడ భాషలూ, ఉత్తరాది ఆర్యభాషలూ పుట్టుక వేరైనా ఈ అలవాటును కలిసి పంచుకున్నాయని ఆయన చూపించాడు. దేశమంతా వస్తువుల చేత మాట్లాడించే దేశమన్నమాట.

చప్పుడు మాటలు పసిపిల్లల భాష అని చిన్నచూపు చూసేవాళ్ళుంటారు. వాళ్ళను ఫిబ్రవరిలో ఈ చుట్టుపక్కల ఏ మిర్చి కల్లానికైనా తీసుకెళ్ళాలి. బేరగాడు వస్తాడు. రాశి చుట్టూ ఒకసారి తిరుగుతాడు. వంగి పిడికెడు కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. లోపల గింజ గలగలమనాలి. తర్వాత ఒక్క కాయ ఏరి, తొడిమ దగ్గర ఒక చెయ్యి, ముక్కు దగ్గర ఒక చెయ్యి వేసి వంచుతాడు. కాయ పెళుక్కుమంటే ఒక ధర. వంగి ఊరుకుంటే ఇంకో ధర, దాని మీద రైతు గొణుగుడు, “రాత్రి మంచు పడిందయ్యా, మధ్యాహ్నం దాకా ఆగి చూడు” అని. తేమ కొలిచే మీటర్లు వచ్చాయి. అయినా మొదటి మాట కాయదే. మరీ పెళుసెక్కినా చిక్కే. బస్తాలో తొక్కేటప్పుడు కాయ చిట్లి గింజ రాలుతుంది. అందుకే తొక్కుడు మంచు పదును మీద, తెల్లవారుజామున పెట్టుకుంటారు. మినుము, పెసర కోతకూ అదే వేళ. ఎండెక్కాక ముట్టుకుంటే కాయ చిటుక్కుమని పగిలి గింజ ఎగిరి అవతల పడుతుంది. పెళుక్కు, చిటుక్కుల మధ్య తేడా అక్కడ రూపాయల్లో తెలుస్తుంది.

ఇక నా కొలువు సంగతి. ఇనుప పట్టా విరుగుతుందంటే బయటివాళ్ళు నమ్మరు. విరుగుతుంది, ఎక్కువగా చలికాలం రాత్రుళ్ళు. పట్టా ఎండకు సాగి చలికి ముడుచుకుంటుంది. కిలోమీటరు పొడుగు పట్టా ముప్పై డిగ్రీల తేడాకు దాదాపు 34 సెంటీమీటర్లు మారాలి. పాత రోజుల్లో 13 మీటర్లకొక ముక్క వేసి, ముక్కకూ ముక్కకూ మధ్య సందు వదిలేవాళ్ళు. ముక్కకు నాలుగైదు మిల్లీమీటర్ల మార్పు ఆ సందులో సర్దుకునేది. చక్రం ఆ సందు దాటిన చప్పుడే మనం చిన్నప్పుడు పాటలా విన్నది. తర్వాత ముక్కలన్నీ వెల్డింగ్ చేసి కలిపేశారు. చప్పుడు పోయింది, కుదుపు పోయింది. ముడుచుకునే చోటూ పోయింది. స్లీపర్లు, క్లిప్పులు పట్టి ఉంచడంతో పట్టా చలికి ముడుచుకోలేక లోలోపల బిగుసుకుంటుంది. ఎక్కడైనా వెల్డింగులోనో లోపలి లోహంలోనో కంటికి కనపడని నెర్ర ఉంటే, డిసెంబరు చివరి జామున అక్కడ విడిపోతుంది.

దాన్ని మొదట చూసేది కీమన్. చలి రోజుల్లో రాత్రి గస్తీ కూడా ఉంటుంది. భుజాన సుత్తి, స్పానరు, సంచిలో ఎర్రజెండా, డిటోనేటర్లు. పట్టా వెంట తల దించుకుని నడుస్తుంటాడు. మంచు పట్టిన పట్టా మీద వెలుగు ఒకే గీతలా సాగాలి. ఒకచోట గీత తెగి కనబడుతుంది. వంగి వేలు పెట్టి చూస్తాడు. సందులో వేలు దూరితే ముందు పరుగు బండి వచ్చే వైపుకే. డిటోనేటర్లు పట్టా మీద బిగించి బండిని ఆపుకుని, తర్వాత ముఠాను పిలుస్తారు. విరిగిన చోట మెడ వంచిన ఫిష్‌ప్లేటు వేసి క్లాంపులు బిగించి, బండ్లను మెల్లగా సాగనంపుతారు. కొత్త ముక్క ఆ తర్వాత.

విరిగిన ముఖం చూస్తే కథంతా తెలుస్తుంది. ఒక మూల నల్లగా, పాతగా, తుప్పు పట్టి ఉంటుంది. అది ఎన్నాళ్ళ నుంచో పెరుగుతున్న నెర్ర. మిగతాదంతా వెండిలా మెరుస్తూ కొత్తగా ఉంటుంది. అది ఆ రాత్రి విరిగింది. ఇంగ్లండులో గ్రిఫిత్ అనే ఇంజనీరు 1921లో గాజు మీద ప్రయోగాలు చేసి చెప్పింది ఇదే. ఏ వస్తువూ దాని బలమంతా అయిపోయేదాకా ఆగి విరగదు. లోపల ముందే ఉన్న సన్నని చీలిక ఒక పొడుగు దాటగానే ఇక ఎవరూ తోయనక్కర్లేకుండా తనంతట తానే పరుగెత్తుతుంది. పల్లెటూరి తెలుగుకు ఈ మెట్లన్నీ తెలుసు. ముందు నెర్ర, తర్వాత బీట, తర్వాత పగులు, చివరికి బద్దలు. మేం ఆ నెర్ర దశలోనే పట్టుకోవాలని పట్టా మీద అల్ట్రాసోనిక్ యంత్రాలు తోసుకుంటూ తిరిగేవాళ్ళం. దానికి ముందు తరం చెవినే నమ్మింది. బండి ఆగిన స్టేషన్లో చక్రాలను సుత్తితో కొట్టుకుంటూ పోయే మనిషి మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాడు. మంచి చక్రం ఖంగుమంటుంది. చీలిక ఉన్నది మొద్దుగా పలుకుతుంది.

ఉన్నట్టుండి విరగడంలో మన వైపు అన్నిటికంటే పెద్ద ఉదాహరణ భద్రాచలంలో ఉంది. శ్రీరామనవమి కల్యాణానికి మన జిల్లా అంతా కదులుతుంది గదా, ఆ కల్యాణానికి ముందు విరగాల్సింది శివధనుస్సు. హరికథ చెప్పేవాడైనా, స్కూలు నాటకం ఆడే పిల్లలైనా ఆ ఘట్టం వచ్చేసరికి అర్థాన్ని పక్కన పెట్టి చప్పుడునే ఆశ్రయిస్తారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు దీని మీద రాసిన పద్యం మీకందరికీ కంఠస్థమే, నేను చదవను. అందులో ఆయన చేసిన పని మాత్రం చెబుతాను. విల్లు విరిగిందని ఊరుకోలేదు. విల్లు ఏమందో, గంటలు ఏమన్నాయో, రాజుల గుండెలు ఏమన్నాయో, జానకి ఒళ్ళు ఏమందో, ఒక్క క్షణాన్ని నాలుగు చోట్ల నాలుగు చప్పుళ్ళుగా పంచిపెట్టారు. అనడం తప్ప అందులో వేరే క్రియే లేదనిపిస్తుంది. సుత్తి మనిషి చక్రాన్ని విన్నట్టు ఆయన ఆ సభను విన్నారు.

మనసు సంగతిలో మన మాటలు ఇంగ్లీషు మాటకంటే పదునుగా ఉన్నాయని నా అభిప్రాయం. మనసు చివుక్కుమనడం వేరు, మనసు విరగడం వేరు. చివుక్కుమన్నది సాయంత్రానికి సర్దుకోవచ్చు. విరిగితే అతకదు. అలాగే కోపం. కసరడం ఒక మాటతో అయిపోతుంది. గయ్యిమంటే నాలుగు ఇళ్ళకు వినబడుతుంది. విరుచుకుపడితే ఎదుటివాడు వెనక్కి తగ్గాలి. సహనం కట్టలు తెంచుకుందంటే వెనక ఏళ్ళ నీరుంది. ఈమధ్య మా మనవరాలు “మా సార్ స్నాప్ అయ్యారు తాతయ్యా” అంది. ఈ నాలుగింటిలో ఏదో నాకు తెలియలేదు. “ఏమన్నారు?” అని అడగాల్సి వచ్చింది. పిల్లల మాట తప్పని నేననను. వాళ్ళకు కట్ అవడం, బ్రేకప్ అవడం, క్రాక్ రావడం అన్నీ తెలుగే ఇప్పుడు. ఫోను మాట్లాడుతుంటే లైను తెగిందని నేనూ అనడం మానేశాను, కట్ అయిందనే అంటున్నాను.

చిటికె గురించి ఒక ముచ్చట చెప్పి ముందుకు వెళ్తాను. చిటికెలో చేస్తానంటాం, ఆ చిటికె ఎంతసేపు? 2021లో జార్జియా టెక్ విశ్వవిద్యాలయంవాళ్ళు కొలిచారు. సుమారు 7 మిల్లీసెకన్లు. కనురెప్ప పాటుకు 150 మిల్లీసెకన్లు పడుతుందట. వేలికి లోహపు తొడుగు పెట్టి ప్రయత్నిస్తే వేలికీ వేలికీ పట్టు చాలక వేగం పడిపోయింది. కాబట్టి చిటికెలో వస్తానన్న ఎలక్ట్రీషియన్ ఎంత అబద్ధం చెబుతున్నాడో లెక్కకట్టుకోవచ్చు. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్‌కు మన దర్జీలు చప్పుడునే పేరుగా పెట్టుకున్నారు, నన్నడిగితే స్నాప్‌కు దేశంలో దొరికిన అతి దగ్గరి చుట్టం ఆ టిచ్చే. ఎన్నికల దగ్గర మాత్రం మనం చప్పుడు చెయ్యలేదు. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభ రద్దయి డిసెంబరు 7న ఓట్లు పడితే వాటిని ముందస్తు ఎన్నికలన్నాం. క్యాలెండరు చూసి పెట్టిన పేరు. అందులో వేగం లేదు, ఉలికిపాటు లేదు. విలేకరులు పెట్టిన పేరు అలాగే ఉంటుంది మరి.

ఇన్ని వస్తువుల చేత మాట్లాడించిన మన భాష ఒక్కచోట నోరు మెదపదు. ఆడవాళ్ళకు ఈపాటికే తట్టి ఉంటుంది. పుస్తెలతాడు తెగితే తెగిందనరు. పెరిగింది అంటారు. అది తాడే. పొడుగ్గా ఉంటుంది, వంగుతుంది, మాస్టారి లెక్క ప్రకారం తెగాలి. అయినా ఇంట్లో ఎవరి నోటా ఆ క్రియ రాదు. “పుస్తె పెరిగిందమ్మా” అని, గబగబా పసుపు కొమ్ము కట్టిన దారం మెళ్ళో వేసుకుని, అప్పుడు కంసాలి దగ్గరికి పంపుతారు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు, దీపం ఆరితే కొండెక్కిందంటారు, అదే వరస. నేను గమనించింది ఏమిటంటే ఇక్కడ పుటుక్కు కూడా ఉండదు. పుటుక్కున పెరిగిందని ఎవరైనా అనగా విన్నారా? అదే పుటుక్కు మనిషికి వాడతాం. పుటుక్కున పోయాడు అంటాం, నిన్నటిదాకా తిరిగిన మనిషి గురించి. ప్రాణం తెగితే చప్పుడు చెప్పుకునే భాష, ఆ ప్రాణానికి గుర్తుగా కట్టిన తాడు తెగితే చప్పుడు మింగేస్తుంది. ఆడదాని బతుకంతా ఒక దారానికి వేలాడదీసిన లోకం ఆ దారాన్ని తెగనివ్వడానికి భయపడటంలో ఆశ్చర్యమేముంది? మా అత్తయ్య విధవరాలయ్యాక కూడా కూతుళ్ళ దగ్గర ఆ మాటను పెరిగింది అనే అనేది. మాస్టారు ఒకసారి స్టాఫ్‌రూములో దీని మీద చాలాసేపు మాట్లాడి, క్లాసులో మాత్రం చెప్పకుండా వదిలేశారు. ఎందుకు వదిలేశారో నాకిప్పుడు కొంత అర్థమవుతోంది.

చివరగా నిఘంటువుల సంగతి. 1852లో అచ్చయిన బ్రౌన్ దొర నిఘంటువు వాడుక మాటలకు తలుపు తీసింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇంకా ముందుకెళ్ళి మాండలిక వృత్తిపదకోశానికి శ్రీకారం చుట్టారు. వ్యవసాయ పదాలు 1962లో, చేనేత పదాలు 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చువేసింది. పండితుల్ని అడిగి రాసిన పుస్తకాలు కావవి. పల్లెలు తిరిగి, పని చేసే మనిషి పక్కన నిలబడి, ఇదేమిటి, దీన్నేమంటారు అని అడిగి రాసినవి. నాగలి భాగాలన్నిటికీ, మగ్గం భాగాలన్నిటికీ పేర్లు అలా దక్కాయి. అదే పద్ధతిలో చప్పుళ్ళకు ఒక కోశం కావాలని మాస్టారి కోరిక. ఒక చప్పుడు మాట, దాన్ని అనే వస్తువు, అది మంచిదా చెడ్డదా, ఎవరు వింటారు. నాలుగు గళ్ళు చాలు. ఆయన మొదలుపెట్టిన నోటు పుస్తకం వాళ్ళబ్బాయి నాకిచ్చారు. మిరపకాయ ఉంది, కుండ ఉంది, కొబ్బరికాయ ఉంది, ఎద్దుబండి ఇరుసు ఉంది. పట్టాలు, చక్రాల పేజీ నేను చేర్చాను. మగ్గం పేజీలో పడుగు పోగు తెగినప్పుడు ఒక మాట, పేక పోగు తెగినప్పుడు ఒక మాట అని రెండు గళ్ళు గీసి ఖాళీగా వదిలారు. అడవి వైపు వెదురు పని చేసేవాళ్ళ పేజీ అసలు మొదలే కాలేదు. పచ్చి వెదురు చీల్చేటప్పుడు ఏమంటుంది, ఎండుది ఏమంటుంది, కణుపు దగ్గర కత్తి ఆగినప్పుడు ఏమంటుంది అన్నవి ప్రశ్నలుగానే ఉన్నాయి. కోయ ఇళ్ళల్లో వాళ్ళ భాషలో ఏమంటుందో అదీ రాయాలి. సభలో మగ్గం మీద కూర్చున్నవాళ్ళు, వెదురు చీల్చినవాళ్ళు ఎవరైనా ఉంటే టీలు తాగేటప్పుడు నా దగ్గరికి రండి. పుస్తకం, పెన్ను తెచ్చాను.